దిష్టి పువ్వుకి సారీ

నరసాపురంలో రత్తమ్మ ఇంటి అరుగు, మధ్యాహ్నం మూడు గంటల వేళ. అరవై రెండేళ్ళ రత్తమ్మ ఒళ్ళో లేసు సూదీ నూలూ ఉన్నాయి. ఎదురుగా కూర్చున్నవాడు ఆమె మేనల్లుడు గణేష్‌బాబు. ముప్పై రోజుల్లో ఎవరిచేతనైనా గలగలా ఇంగ్లీషు మాట్లాడిస్తానని బోర్డు పెట్టుకున్న మాస్టారు. ఇవాళ పాపం గంటలో మాట్లాడించాల్సి వచ్చింది.

"అలా కాదత్తా. మళ్ళీ అను. ఐ యామ్ సారీ, మేడం."

"ఐ యామ్ సారీ మేడమండీ."

"చివర్న అండీ ఎందుకు? ఇంగ్లీషులో అండీ ఉండదు."

"ఉండకపోవడమేంట్రా? పరాయి మనిషితో అండీ లేకుండా మాట్లాడతారా? వాళ్ళింట్లో పెద్దవాళ్ళు నేర్పలేదా?"

"మేడం అంటే అందులోనే అండీ ఉన్నట్టు."

"ఉన్నట్టు వేరు, ఉండటం వేరు. సర్లే, తర్వాత ముక్క చెప్పు."

"ఇట్ వాజ్ మై మిస్టేక్."

"ఇట్ వాజ్ మై మిస్టేకు. అంటే?"

"అర్థంతో పనేంటత్తా ఇప్పుడు? నాలుగింటికి ఫోనొస్తుంది. నాలుగు ముక్కలు. బట్టీ కొట్టెయ్, అయిపోద్ది."

"నీ బోర్డు మీద అలాగే రాసుకున్నావా? అర్థం అడక్కండి, బట్టీ కొట్టండి అని?"

"అబ్బా, అది వేరు. అక్కడ సిస్టమాటిక్‌గా చెప్తాను. ఫస్టు డే క్వశ్చన్ వర్డ్స్. వాట్, వేర్, వై..."

"అది చెప్పు. ఆ మొదటి రోజుది చెప్పు. మధ్యలోంచి అల్లమంటే నాకు చేతకాదు."

"టైం లేదత్తా!"

"టైం లేనోడివి నిన్న రావాల్సింది. చెప్పు."

"వాట్ అంటే ఏంటి. వేర్ అంటే ఎక్కడ. వై అంటే ఎందుకు. వేర్ ఈజ్ ది బస్టాండ్? బస్టాండు ఎక్కడ ఉంది? చాలా?"

"నరసాపురం బస్టాండు ఎక్కడో నాకు తెలీకా? పైగా ఇంగ్లీషులో అడగాలా?"

"ఉదాహరణ అత్తా!"

"మరి ఎక్కడా అంటే, ఇక్కడా అని ఏమంటారు?"

"హియర్. వేర్ అని అడిగితే హియర్ అనాలి. అయిందా? ఇప్పుడు రా లైన్లోకి. ఐ యామ్ సారీ మేడం. ఇట్ వాజ్ మై మిస్టేక్."

"దాని అర్థం?"

"నమస్కారం మేడం, బాగున్నారా అని."

"ఒరేయ్ గణేషూ."

"ఊ."

"సారీ అంటే ఏంటో నాకు తెలీదనుకున్నావా? రేవులో గోదారి దాటే పంటు ఎక్కేటప్పుడు కాలు తొక్కిన ప్రతివాడూ సారీ అంటాడు. వాడు నన్ను బాగున్నారా అని అడుగుతున్నాడనుకున్నానా ఇన్నాళ్ళూ?"

"సరే. సారీ అంటే క్షమించండి. మిస్టేక్ అంటే తప్పు. క్షమించండి మేడం, తప్పు నాదే. అంతే."

"ఏం తప్పు?"

"ఏదో ఒకటి. పెద్దమనుషులు ఒక మాట అనమన్నప్పుడు అనేస్తే పోలా?"

"మన లేసు ఫారిన్‌కి పంపే పెద్దిరాజు గారేనా ఆ పెద్దమనిషి?"

"ఆయనే."

"ఆరు నెలలైంది మా వీధికి ఒక్క నూలుండ పంపి. ఇరవై నాలుగు మంది ఆడాళ్ళం చేతులు ముడుచుకు కూర్చున్నాం. అడగడానికి వెళ్తే గుమాస్తా చేత, ఫారిన్‌లో లేసు ఎవరూ కొనట్లేదమ్మా అనిపించాడు. కొననోళ్ళకి నేను సారీ ఎందుకురా చెప్పడం?"

"అదే కదా నేననేది. ఇవాళ నువ్వు చక్కగా మాట్లాడితే రేపట్నుంచి మీ వీధి మొత్తానికి మళ్ళీ నూలు ఇస్తానన్నారు. నా ఎదురుగానే అన్నారు. ఇరవై నాలుగు మందికీను."

"ముందే చెప్పొచ్చుగా ఆ మాట."

"చెప్పనిస్తేగా నువ్వు!"

"ఇప్పుడు చెప్పు. తప్పేంటి?"

"ఆ డెన్మార్కు మేడం ఉంది చూడు, ఏటేటా మన టేబుల్ గుడ్డలు కొంటుంది. ఆవిడకి కోపం వచ్చిందంట. ఇదివరకు పంపిన ప్రతి గుడ్డలోనూ ఒక మూల పువ్వుకి ఒక రేకు తక్కువుందంట. అన్నిటికీ ఎనిమిది, దానికి ఏడు. ఎవరు కుట్టారు ఇది, ఆ మనిషిని ఫోన్లో చూపించండి అందంట."

"అయితే?"

"అయితే ఏంటి? తప్పే కదా?"

"నీ మొహం. అది దిష్టి పువ్వు."

"ఏం పువ్వు?"

"దిష్టి పువ్వురా. నిండుగా ఉన్నదానికి కళ్ళు పడతాయని ప్రతి గుడ్డకీ ఒక మూల ఒక రేకు తగ్గిస్తాం. మా అమ్మ తగ్గించేది. నేను తగ్గిస్తాను. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళందరూ తగ్గిస్తారు. చంటిదానికి బుగ్గన చుక్క పెడితే, కాటుక పెట్టడం రాక అంటిందనుకుంటావా?"

"నాకు తెలుసులే అత్తా, కానీ వాళ్ళకి తెలీదు కదా. వాళ్ళకి క్వాలిటీ కావాలి."

"నీకేం తెలుసు? నీకు తెలిస్తే దాన్ని తప్పని నా నోటితో అనిపించడానికి వస్తావా? మీ అమ్మ బతికున్నన్నాళ్ళూ అదే పువ్వు వేసింది. కళ్ళు సగం పోయాక కూడా వేళ్ళతో తడిమి, ఏడు లెక్కపెట్టుకుని ఆపేది. మా వదినది మిస్టేకా? అనరా నా మొహం చూసి."

"అమ్మ సంగతి ఇప్పుడెందుకు?"

"ఎందుకంటే ఎందుకే. వై. చూసావా, నేర్చుకున్నాను."

"అత్తా, దండం పెడతాను. మూడోది అను. ఇట్ విల్ నాట్ హ్యాపెన్ అగైన్."

"అర్థం?"

"ఇంకెప్పుడూ ఇలా జరగదు."

"ఆహా. అంటే దిష్టి పువ్వు మానేస్తానని మాటివ్వాలి. బాగుంది. నాలుగోది?"

"నాలుగోది ఈజీ. లేస్ ఈజ్ మై హాబీ. ఐ మేడ్ ఆల్ దీజ్ విత్ మై ఓన్ హ్యాండ్స్."

"హాబీ అంటే?"

"హాబీ అంటే... తీరిక వేళల్లో సరదాకి చేసుకునే పని."

"ఏంటేంటి?"

"నేనన్నది కాదు. పెద్దిరాజు గారే పెట్టమన్నారు. అలా అంటే వాళ్ళకి ముచ్చటగా ఉంటుందంట."

"నలభై ఎనిమిదేళ్ళు మెడ వంచి కుట్టాను. పొయ్యి మీద అన్నం మాడినా కుట్టు వదల్లేదు. పిల్లకి పాలిస్తూ కుట్టాను. నీ మావయ్య చేపలకెళ్ళి వారం రాకపోతే ఏడుస్తూ కుట్టాను. ఇది నా తీరికా? నా సరదా? ఆ పెద్దిరాజుకి ఏం సరదాలున్నాయో కనుక్కో, అవి ఇంగ్లీషులో పెట్టు."

"అత్తా, మెల్లగా! వీధిలోకి వినిపిస్తుంది."

"వినపడనీ. అందులోనే ఇంకేదో అన్నావు. హ్యాండ్సు."

"హ్యాండ్స్ అంటే చేతులు. ఐ మేడ్, నేను చేశాను. ఆల్ దీజ్, ఇవన్నీ. మై ఓన్ హ్యాండ్స్, నా సొంత చేతుల్తో."

"ఏవన్నీ?"

"గుడ్డలన్నీ."

"ఏ గుడ్డలు?"

"ఈ సంవత్సరం పంపినవి."

"ఈ సంవత్సరం నేనేం కుట్టాను? నూలే లేదంటుంటే? గణేషూ. నా వంక చూడు. ఆ గుడ్డల ఫొటో ఉందా నీ ఫోన్లో?"

"ఉంటే మాత్రం, చిన్న స్క్రీను, నీకు కనపడదు."

"సూదిలో దారం ఎక్కించేదాన్ని, నాకు కనపడదా? తియ్యి."

"ఇదిగో. చూసెయ్, తొందరగా."

"పెద్దది చెయ్యి. ఇంకా. మూలకి జరుపు. ఆ మూలకి. ఇటు పక్క... ఊ."

"ఏంటి ఊ?"

"ఇవి ఎవరు కుట్టారు?"

"మీవాళ్ళే ఎవరో అయ్యుంటారు. మొగల్తూరు వైపు వాళ్ళేమో."

"ఏ వైపు వాళ్ళూ కాదు. మనిషే కాదు. చూడు, ఈ పువ్వూ ఆ పువ్వూ అచ్చు గుద్దినట్టున్నాయి. చేత్తో అల్లితే పొద్దుటి పువ్వు బిగువుగా వస్తుంది, సాయంత్రం పువ్వు వదులౌతుంది. చెయ్యి అలిసిపోద్ది కదా. గుడ్డ చూసి ఏ పువ్వు ఏ వేళప్పుడు కుట్టిందో చెప్తాను నేను. ఇందులో పొద్దూ లేదు, సాయంత్రమూ లేదు. దిష్టి పువ్వు అసలే లేదు. ఇది మిషన్ లేసు."

"అయ్యుండచ్చు. నాకు తెలీదు."

"నీకు తెలుసు. నీ చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పుడూ అంతే, మామిడికాయ దొంగిలిస్తే నోరు కాదనేది, చెవులు ఔననేవి."

"తెలిస్తే ఏం చెయ్యమంటావు? నా సెంటరు ఎక్కడుంది? ఆయన గోడౌను పైన. పొమ్మంటే రేపొద్దున్న బెంచీలు రోడ్డు మీద ఉంటాయి. అరవై మంది పిల్లలు. ఎక్కడికి తీసుకెళ్ళను?"

"అదా సంగతి."

"అదే సంగతి. తిట్టు. ఇంక తిట్టేయ్."

"తిట్టను. ఒకటి అడుగుతాను. ఆ మేడం ఏం రాసిందో చదువు. ఆవిడ మాటల్లోనే. నీ తెలుగు వద్దు, ఇంగ్లీషే చదువు."

"నీకేం అర్థమౌతుంది?"

"అవ్వకపోతే నీకేం నష్టం?"

"సరే, విను. డియర్ మిస్టర్ పెద్దిరాజు, ద న్యూ టేబుల్ క్లాత్స్ హావ్ అరైవ్డ్. బట్ వేర్ ఈజ్ ద లిటిల్ ఫ్లవర్ విత్ సెవెన్ పెటల్స్? ఐ హావ్ లుక్డ్ ఇన్ ఎవ్రీ కార్నర్..."

"ఆగు."

"ఏంటి?"

"వేర్ అంది."

"అననీ."

"వేర్ అంటే ఎక్కడా అని ఇందాకే చెప్పావు. ఎందుకుందీ అని రాయలేదు ఆవిడ. ఎక్కడుందీ అని రాసింది. ఆ పువ్వు ఉందని ఆవిడకి కోపం కాదు. లేదని వెతుక్కుంటోంది. అవునా? చెవులు చెప్పేశాయిలే. మిగతాదేంటి?"

"ప్రతి మూలా వెతికాను, ఎక్కడా కనపడలేదు, దాన్ని కుట్టే ఆవిడ బాగానే ఉందా, ఒకసారి చూడాలనుంది అని."

"బాగానే ఉందా అని రాసిందా?"

"ఊ."

"ముక్కూ మొహం తెలీని మనిషి అంత దూరం నుంచి బాగున్నావా అని అడిగితే, దాన్ని తీసుకొచ్చి, నీ మీద కోపంగా ఉంది, క్షమాపణ చెప్పుకో అని నా చేత అనిపిస్తావా? ఇందుకా నువ్వు ఎమ్మే ఇంగ్లీషు చదివింది? ఇందుకా మీ అమ్మ కళ్ళు పోగొట్టుకుంది? తెలుగులో చెప్తే దొరికిపోయే అబద్ధం ఇంగ్లీషులో చెప్పడానికా?"

"పెద్దిరాజు గారు ఏం ప్లాన్ చేశారంటే... ఆ పువ్వు నువ్వు పొరపాటున వేసేదానివని, ఇప్పుడు చెయ్యి బాగా కుదిరింది కాబట్టి పొరపాట్లు లేవని, ఈ గుడ్డలన్నీ నువ్వే కుట్టావని చెప్తే ఆవిడ నమ్మేస్తుంది."

"నలభై ఎనిమిదేళ్ళకి నా చెయ్యి కుదిరిందా? సంతోషం."

"అత్తా, ఒక్కటే ఆలోచించు. నువ్వు ఆ నాలుగు ముక్కలూ అంటే రేపు ఇరవై నాలుగు ఇళ్ళకి నూలు. అనకపోతే ఆవిడ ఆర్డరు ఆపేస్తుంది, ఆయన మీకు జన్మలో నూలివ్వడు. మీ వీధిలో లావణ్య వాళ్ళమ్మ మొన్న రొయ్యల ఫ్యాక్టరీలో చేరింది, ఐసులో చేతులు పెట్టి వేళ్ళు పగిలిపోయాయంట. నీకు తెలీదా?"

"తెలుసు. నేనే పసుపు రాశాను."

"మరి?"

"మరే."

"నిజం చెప్తే ఎవరు బాగుపడతారు? టైం చూడు. పది నిమిషాలుంది. ఏమంటావు?"

"చెప్తాలే."

"చెప్తావా? నాలుగూనా?"

"చెప్తానన్నాను కదరా, ఎన్నిసార్లు అంటావు. నువ్వు మళ్ళీ ఒకసారి అను, చెవిలో పడనీ."

"ఐ యామ్ సారీ మేడం. ఇట్ వాజ్ మై మిస్టేక్. ఇట్ విల్ నాట్ హ్యాపెన్ అగైన్. లేస్ ఈజ్ మై హాబీ. ఐ మేడ్ ఆల్ దీజ్ విత్ మై ఓన్ హ్యాండ్స్."

"నాట్ అంటే కాదనా?"

"ఆఁ. కాదు, లేదు, అలాంటిదే. హమ్మయ్య, బతికించావత్తా. అదేంటి, ఇందాకట్నుంచీ అల్లుతూనే ఉన్నావు? నూలు లేదన్నావుగా, అదెక్కడిది?"

"మా గుమ్మం తెర విప్పాను."

"ఏ తెర? నీ పెళ్ళికి నువ్వు కుట్టుకున్నదా?"

"అదే. ఆరు నెలలు సూది పట్టకపోతే వేళ్ళు బిగుసుకుపోవూ? రోజూ కాస్త విప్పుతాను, కాస్త అల్లుతాను."

"ఎంత పని చేశావత్తా!"

"ఊరికే ఉండు. లెక్క తప్పుతుంది. అయిదు... ఆరు..."

"ఇదిగో, మోగుతోంది! వీడియో. పెద్దిరాజు గారు కూడా లైన్లో ఉంటారు. జుట్టు సర్దుకో. ఫోన్ ఇలా పట్టుకుంటాను. నవ్వు."

"ఎందుకు నవ్వడం?"

"నవ్వత్తా!"

"హలో! ఈజ్ దిస్ రత్తమ్మ?"

"ఆఁ. రత్తమ్మనండీ. నమస్కారమండీ."

"రత్తమ్మా, నేను పెద్దిరాజుని. గణేష్ చెప్పినట్టు మాట్లాడు, భయపడకు. మేడం, షి ఈజ్ వెరీ షై. విలేజ్ లేడీ."

"ఓ, రత్తమ్మ! ఐయామ్ సో హ్యాపీ! వేర్ ఈజ్ మై లిటిల్ ఫ్లవర్?"

"చెప్పత్తా. ఐ యామ్..."

"ఐ యామ్ సారీ మేడమండీ."

"వెరీ గుడ్ రత్తమ్మా. తర్వాత?"

"ఇట్ వాజ్ నాట్ మిస్టేకండీ."

"అత్తా!"

"ఫోను మీంచి చెయ్యి తియ్యరా. ఫ్లవర్ హియర్, మేడమండీ. హియర్. ఇదిగో, సెవెన్. మై హ్యాండ్సు. ఆ క్లాత్సు నాట్ మై హ్యాండ్సు. మిషన్ అండీ. హాబీ నాట్ అండీ."

"గణేష్! ఏం చేస్తున్నావక్కడ? ఫోన్ కట్ చెయ్యి! కట్ చెయ్యరా ముందు!"

"వాట్ డిడ్ షి సే? మెషీన్? ప్లీజ్, కెన్ సంబడీ టెల్ మీ వాట్ షి ఈజ్ సేయింగ్?"

"ఒరేయ్ గణేష్‌బాబూ, సాయంత్రానికి నీ బెంచీలు రోడ్డు మీద ఉంటాయి, ఏమనుకున్నావో!"

"ఆవిడేమంటుందిరా గణేషూ? నా ముక్కలు అయిపోయాయి. ఇంతకన్నా నాకు రాదు. కట్ చేస్తావా, చెయ్యి. నీ ఇష్టం."

"నువ్వేమంటున్నావో ఎవరైనా చెప్పండని అడుగుతోందత్తా."

"చెప్తావా?"

"నువ్వు తెలుగులో చెప్పు. నేను ఇంగ్లీషులో చెప్తాను."

"అర్థంతో సహానా?"

"అర్థంతో సహా."

"అయితే ముందు ఇది చెప్పు. నేను బాగానే ఉన్నానండీ, మీరెలా ఉన్నారండీ అని. ఆ అండీ ఒదిలేశావంటే చెవి మెలిపెడతాను."